పెట్టె ఉంది, తాళపుచెవి ఏది?

నా బీరువాలో రెండు పాత వస్తువులున్నాయి. ఒకటి మా తాతగారు 1951లో రాసిన ఉత్తరం. సిరా కాస్త వెలిసింది, అంతే. ఇప్పటికీ హాయిగా చదువుకోవచ్చు. రెండవది ఒక ఫ్లాపీ. అరచేతిలో ఇమిడే నల్లని బిళ్ళ. సుమారు 30 ఏళ్ల కిందట మా ఊరి చెరువుకు వచ్చే పక్షుల్ని ఏడాదిపాటు లెక్కపెట్టి, ఆ వివరాలు తెలుగులో టైపు చేయించి అందులో దాచాను. ఇక పనేముందని నోటుబుక్కు పారేశాను!

నేటి కంప్యూటర్లలో ఫ్లాపీ పెట్టే చోటే లేదు. దాన్ని చదివే పరికరం ఒకటి సంపాదించి చూశాను. తెరమీద అక్షరాలకు బదులు అర్థంకాని గుర్తులు వచ్చాయి. ఉత్తరం చదవడానికి కళ్ళు చాలాయి; ఫ్లాపీకి యంత్రం దొరికినా చాలలేదు. ఎందువల్ల?

అంకెల వెనుక అర్థం

కంప్యూటర్‌కు తెలిసినవి రెండే: 0, 1. అక్షరమైనా, బొమ్మైనా, పాటైనా ఈ రెంటి వరుసగానే దాచుతుంది. ఉదాహరణకు 110000000101 అనే వరుసను మన లెక్కలో రాస్తే 3077 అవుతుంది. యూనికోడ్ అనే ప్రపంచ ఒప్పందం ప్రకారం 3077 అంటే మన 'అ'. ఆ ఒప్పందం తెలియనివారికి అది వట్టి అంకె.

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. కాని అది మన కంప్యూటర్లలో వాడుకలోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది. అంతవరకు ఒక్కో ఫాంటు తయారీదారు అక్షరాలకు తనకు తోచిన అంకెలిచ్చాడు. నా పక్షుల లెక్క అలాంటి ఒక ఫాంటులో ఉంది. పెట్టె దొరికింది, తాళపుచెవి పోయింది!

నా ఒక్కడి లెక్క పోతే పోయింది. లక్షలమంది శ్రమకు ఇదే గతి పడితే?

రెండు గ్రంథాల కథ

ఇంగ్లండులో 1086లో విలియం రాజు తన రాజ్యంలోని భూములను చాలావరకు సర్వే చేయించాడు. ఆ వివరాల గ్రంథం పేరు డూమ్స్‌డే బుక్. గొర్రెతోలు మీద లాటిన్ భాషలో రాసిన ఆ గ్రంథం లండన్‌లోని జాతీయ పత్రాగారంలో నేటికీ భద్రంగా ఉంది. లాటిన్ వచ్చినవారు చదవగలరు.

దానికి 900 ఏళ్లు నిండిన సందర్భంగా, 1986లో బి.బి.సి. సంస్థ కొత్త డూమ్స్‌డే తయారుచేసింది. పది లక్షలమందికి పైగా ప్రజలు అందులో పాల్గొన్నారు. వారిలో ఎక్కువమంది మీలాంటి బడిపిల్లలే! తమ ఊళ్ళో దుకాణాలెన్ని, పొలాల్లో ఏం పండుతుంది, తాము రోజూ ఏం చేస్తారు అన్నీ రాసి పంపారు. వాటిని పళ్ళెమంత లేజర్ డిస్కుల మీదికి ఎక్కించారు. చదవడానికి ప్రత్యేకమైన కంప్యూటర్, ప్రత్యేకమైన డిస్కు యంత్రం కావాలి.

తర్వాత పదిహేనేళ్లకే ఆ యంత్రాలు అరుదైపోయాయి. తొమ్మిది శతాబ్దాల నాటి తోలు గ్రంథం పలుకుతోంది. నిన్నమొన్నటి డిస్కు మూగబోయింది! చివరికి 2002లో లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు పాత కంప్యూటర్‌ను అనుకరించే ప్రోగ్రాం రాసి, ఆ సమాచారాన్ని కొత్త కంప్యూటర్ మీద చూపించగలిగారు. మరికొన్నేళ్లు ఆలస్యమైతే పని ఇంకెంత కష్టమయ్యేదో ఊహించండి.

ముందుచూపు ఫలితం

ఇప్పుడు దీనికి భిన్నమైన కథ వినండి. మన శరీరంలో వేలాది రకాల ప్రోటీన్లున్నాయి. ప్రోటీన్ చేసే పని దాని ఆకారం మీద ఆధారపడుతుంది. ఒక్క ఆకారం కనుక్కోవడానికి కొన్నిసార్లు ఏళ్లు పడుతుంది. అలా తెలిసిన ఆకారాలను ఒకేచోట భద్రపరచాలని 1971లో ప్రోటీన్ డేటా బ్యాంకు స్థాపించారు. అప్పుడు అందులో ఉన్నవి ఏడే ఏడు!

ఆ రోజుల్లో కంప్యూటర్‌కు సమాచారాన్ని రంధ్రాలు చేసిన అట్టకార్డులతో అందించేవారు. కార్డుకు 80 గళ్ళు. అందుకే బ్యాంకు వివరాలను కూడా వరుసకు 80 అక్షరాల చొప్పున రాశారు. తర్వాత అట్టకార్డులు పోయాయి, టేపులు వచ్చాయి, అవీ పోయాయి. ప్రతి మార్పులోనూ సమాచారాన్ని కొత్త సాధనం మీదికి చేర్చారు. పాత రాతపద్ధతి పెద్ద అణువులకు చాలకపోతే, మరింత విశాలమైన పద్ధతికి మార్చారు. ఏ అంకెకు ఏమిటి అర్థమో రాసిన వివరణ అందరికీ అందుబాటులో ఉంచారు.

నేడు ఆ ఏడు రెండు లక్షలు దాటాయి. వాటిని చూసి నేర్చుకున్న ఆల్ఫాఫోల్డ్ అనే ప్రోగ్రాం, ప్రోటీన్ల ఆకారాలను చాలావరకు సరిగ్గా ఊహించగలిగింది. దాన్ని రూపొందించిన డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు 2024లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం లభించింది. 1971లో ఇలాంటి ప్రోగ్రాం వస్తుందని ఎవరు కలగన్నారు? అయినా అది వచ్చేనాటికి సమాచారం సిద్ధంగా ఉంది.

రేపు ఏ యంత్రం వస్తుందో శాస్త్రజ్ఞులు కూడా చెప్పలేరు. కాని ఏది వచ్చినా సిద్ధంగా ఉండే దారి ఉంది. సమాచారానికి ఒకటికి మించిన ప్రతులు వేర్వేరు చోట్ల ఉంచాలి. పాత సాధనం మూలపడకముందే కొత్తదానిలోకి మార్చాలి. ఏ ఒక్క కంపెనీకో పరిమితం కాని పద్ధతిలో రాయాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఏది ఏమిటో వివరించే తాళపుచెవిని దాని పక్కనే ఉంచాలి. పరిశోధన చేయడం ఎంత అవసరమో, ఇది నేర్చుకోవడం అంత అవసరం.

చేసి చూడండి

అయిదు అక్షరాలకు మీ ఇష్టం వచ్చిన అంకెలివ్వండి. వాటితో రెండు మాటలు అంకెల్లో రాసి మిత్రునికివ్వండి. చదవగలడా? ఇప్పుడు ఏ అంకె ఏ అక్షరమో రాసిన పట్టిక ఇవ్వండి. తేడా మీకే తెలుస్తుంది. తర్వాత మీ సైన్సు ప్రాజెక్టు తీసి చూడండి. పట్టికలో 32 అని ఉంటే అది డిగ్రీలా, సెంటీమీటర్లా? ఏ రోజు, ఎక్కడ కొలిచారు? రాయకపోతే ఈరోజే రాయండి. నా పక్షుల గతి మీ లెక్కలకు పట్టకూడదు.