జిగ్సా తరగతి

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రానికి రాజధాని ఆస్టిన్. నేడు ఎన్నో తెలుగు కుటుంబాలు ఉద్యోగరీత్యా స్థిరపడిన ఈ నగరంలో ఒకప్పుడు తెల్లవారి పిల్లలు, నల్లజాతి పిల్లలు, మెక్సికో సంతతి పిల్లలు చాలావరకు వేరువేరు బడులలో చదువుకొనేవారు. 1928లో రూపొందిన నగర ప్రణాళిక నల్లవారిని తూర్పు ప్రాంతానికి నెట్టివేసింది. తరువాత వచ్చిన పెద్ద రహదారి ఆ విభజనకు అడ్డుగోడలా నిలిచింది. జాతిని బట్టి పిల్లలను వేరుచేసి చదివించడం రాజ్యాంగ విరుద్ధమని 1954లోనే ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు తరగతి గదిలో పూర్తిగా అడుగు పెట్టడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

1971లో ఆస్టిన్ పిల్లలు ఒకే బడికి చేరారు. పక్కపక్కన కూర్చుంటే చాలు, స్నేహం దానంతటదే కలుగుతుందని పెద్దలు ఆశించారు. జరిగింది వేరు. కొద్ది వారాలలోనే నడవలలో, ఆటస్థలాలలో కొట్లాటలు చెలరేగాయి. విద్యాధికారులు టెక్సాస్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర ఆచార్యుడైన ఎలియట్ ఆరన్సన్ సహాయం కోరారు.

ఆరన్సన్‌కు ద్వేషం పుస్తకాలలో మాత్రమే పరిచయమైన విషయం కాదు. ఆయన యూదుల ఇంట పుట్టాడు. మసాచుసెట్స్ రాష్ట్రంలో పెరుగుతున్న రోజుల్లో, సాయంకాలం హీబ్రూ బడికి వెళ్ళివచ్చే దారిలో ఇతర బాలురు ఆయనను అడ్డగించి కొట్టేవారు. తన పేరైనా సరిగా తెలియని వారికి తనపై అంత ద్వేషం ఎందుకన్న ప్రశ్న చిన్ననాడే ఆయన మనస్సులో నాటుకొంది.

ఆస్టిన్‌కు పిలిచినప్పుడు ఆయన ఉపన్యాసాలు ఇవ్వలేదు. శిష్యులతో కలిసి తరగతి గదులలో వెనుక కూర్చుని గమనించాడు. ఉపాధ్యాయురాలు ప్రశ్న అడగగానే ఆరేడు చేతులు పైకి లేస్తాయి. ఒకరిని పిలిస్తే మిగిలినవారి ముఖాలు వాడిపోతాయి. పిలిచిన బాలుడు తప్పు చెబితే బాగుండునని వారు లోలోపల కోరుకుంటారు. జవాబు తెలియనివారు తమను ఎక్కడ పిలుస్తారోనని తలవంచుకొని కూర్చుంటారు. ఒకరి గెలుపు మరొకరి ఓటమిగా మారిన ఆ గదిలోకి, వసతులు తక్కువైన బడులలో చదివిన పిల్లలను తెచ్చి కూర్చోబెట్టారు. ఇక పాత దురభిప్రాయాలు బలపడక ఏమవుతాయి? పిల్లల స్వభావంలో కాదు, చదువు నడిచే పద్ధతిలోనే దోషమున్నదని ఆరన్సన్ గ్రహించాడు.

ఆయన బృందం రూపొందించిన పద్ధతి సులభమైనది. ముక్కలను జతచేసి బొమ్మను పూర్తిచేసే జిగ్సా ఆట నుండి దానికి పేరు వచ్చింది. తరగతిని ఐదారుగురు గల జట్లుగా విభజిస్తారు. ప్రతి జట్టులోను అన్ని జాతుల పిల్లలు ఉంటారు. పాఠాన్ని కూడా అన్నే భాగాలు చేసి ఒక్కొక్కరికి ఒక్కొక్కటి ఇస్తారు. ఒకే భాగం అందుకొన్నవారు వేరువేరు జట్ల నుండి వచ్చి ఒకచోట కూడి దానిని చర్చించుకొంటారు. ఆపై తమ జట్టుకు తిరిగివచ్చి తోటివారికి బోధిస్తారు. చివర జరిగే పరీక్ష పాఠమంతటి మీద ఉంటుంది. పక్కవాడు చెప్పేది వినకపోతే ఆ భాగం తెలుసుకొనే మార్గం మరొకటి లేదు.

ఆ తరగతులలో ఒకదానిలో మెక్సికో సంతతికి చెందిన బాలుడొకడు ఉండేవాడు. ఆరన్సన్ తన రచనలలో అతనికి కార్లోస్ అని మారుపేరు పెట్టాడు. ఇంగ్లీషు అతనికి రెండవ భాష. అతడు తడబడతాడని తెలిసిన ఉపాధ్యాయురాలు, సిగ్గుపడకుండా కాపాడాలనే ఉద్దేశంతో, అతనిని ప్రశ్నలు అడగడం మానివేసింది. ఆమె దయను తోటిపిల్లలు మరోవిధంగా అర్థం చేసుకొన్నారు. అతనికి ఏమీ రాదు కనుకనే అడగడం లేదని వారు నిశ్చయించుకొన్నారు.

ఒకనాటి పాఠం ప్రసిద్ధ పత్రికాధిపతి జోసెఫ్ పులిట్జర్ జీవితం. అందులో నడివయస్సు భాగం కార్లోస్ వంతుకు వచ్చింది. 1864లో హంగేరీ దేశీయుడిగా అమెరికా చేరిన నాటికి పులిట్జర్‌కు కూడా ఇంగ్లీషు అంతంత మాత్రమే వచ్చు! కార్లోస్ చదివినదంతా గుర్తున్నా నోరు పెగలలేదు. తోటివారు అలవాటు ప్రకారం ఎగతాళి చేశారు. అప్పుడు బృందంలోని సహాయకురాలు వారిని కోప్పడలేదు. ఎగతాళి చేయాలనుకొంటే చేయవచ్చుననీ, దానివల్ల పులిట్జర్ నడివయస్సు గురించి మాత్రం తెలియదనీ, కొద్దిసేపట్లో పరీక్ష ఉన్నదనీ గుర్తుచేసి వెళ్ళిపోయింది.

పిల్లలు ఆలోచనలో పడ్డారు. ఎగతాళి ఎప్పటినుంచో ఖర్చులేని వినోదం. ఆనాడు దానికి ఖరీదు ఏర్పడింది. మొదట అవసరం కొద్దీ, తరువాత ఆసక్తితో, అతడు సులభంగా జవాబు చెప్పగల ప్రశ్నలు వేయడం నేర్చుకొన్నారు. కార్లోస్ కూడా క్రమంగా కుదుటపడ్డాడు. కొన్ని వారాలు గడిచేసరికి, తాము అనుకొన్నదానికంటే అతడు ఎంతో తెలివైనవాడని వారికి తెలిసివచ్చింది. ఎక్కువగా వేధించినవారే అతనికి మిత్రులయ్యారు.

ఇటువంటి మార్పు ఒక్క కార్లోస్‌తో ఆగలేదు. పాత పద్ధతిలో నడిచిన తరగతులతో పోల్చి చూసినప్పుడు, జిగ్సా తరగతులలోని పిల్లలలో జాతిభేదం దాటిన ఇష్టం, ఆత్మవిశ్వాసం పెరిగినట్లు తేలింది. నల్లజాతి, మెక్సికో సంతతి పిల్లల మార్కులు మెరుగుపడ్డాయి. తెల్లపిల్లల మార్కులు తగ్గలేదు. తమ పిల్లలు వెనుకబడతారేమోనని భయపడిన తల్లిదండ్రులకు ఇంతకంటే సమాధానం ఏముంటుంది?

అయితే ఇది మంత్రదండం కాదు. మొదటి రోజులలో పాత పోటీ బుద్ధి జట్టులోనూ తల ఎత్తుతుంది. ఒకడు పెత్తనం చేస్తాడు, మరొకడు చదవకుండా వస్తాడు. ఉపాధ్యాయుడు జట్ల మధ్య తిరుగుతూ కనిపెట్టి ఉండకపోతే పద్ధతి చెడుతుంది. తరువాతి కాలంలో ఇతర చోట్ల జరిగిన ప్రయత్నాలన్నీ ఒకే తీరు ఫలితాలు ఇవ్వలేదు. జట్లను కూర్చడం ఒక్కపూట పని, వాటిని నడపడమే కష్టం.

సంవత్సరాలు గడిచాయి. కార్లోస్ విశ్వవిద్యాలయ విద్య పూర్తిచేస్తున్న రోజులలో, ఆ ప్రయోగాన్ని వర్ణించిన పుస్తకం అతని కంటబడింది. అందులోని బాలుడు తానేనని తలచి ఆరన్సన్‌కు ఉత్తరం వ్రాశాడు. హార్వర్డ్ న్యాయ కళాశాలలో తనకు ప్రవేశం లభించిందని అందులో తెలియజేశాడు.