‘ఆవిడ స్వభావమే అంత’ అనే ముందు

సందేహం: ఏడాదిగా బౌద్ధం మీద ఉపన్యాసాలు వింటున్నాను. అంతా శూన్యమే అయినప్పుడు పొద్దున్నే లేచి చేసే పనులకు అర్థమేముంది అనిపిస్తోంది. నాలో హుషారు తగ్గిందని ఇంట్లోవాళ్లు బాధపడుతున్నారు. శూన్యత అంటే ఏమీ లేకపోవడమేనా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్గొండ

సమాధానం: కాదండీ. మీ హుషారు పోగొట్టింది శూన్యత కాదు, ‘శూన్యం’ అన్న మాటకు మన వాడుకలో ఉన్న అర్థం. శూన్యం అనగానే మనకు సున్నా, ఖాళీ, ఏమీ మిగల్లేదు అన్నదే తడుతుంది. ఆచార్య నాగార్జునుడు ‘శూన్యం’ అన్నచోట ‘దేనికి శూన్యం?’ అని అడగాలి. స్వభావానికి అని జవాబు వస్తుంది. దేని మీదా ఆధారపడకుండా, ఎన్నటికీ మారకుండా, తనంతట తానుగా ఉండే ఉనికిని ఆయన స్వభావం అన్నాడు. అలాంటిది ఏ వస్తువులోనూ దొరకదన్నాడు. అంతేగానీ వస్తువే లేదనలేదు.

మీకు దగ్గర్లోనే ఆయన పేరు మోస్తున్న కొండ ఉంది. మీరూ పిల్లల్ని విహారయాత్రకు తీసుకెళ్లే ఉంటారు. 1955లో సాగర్ డ్యామ్‌కు శంకుస్థాపన జరిగే నాటికి నాగార్జునకొండ ఒక లోయ పక్కన ఉన్న కొండ. ఆ లోయలోనే ఇక్ష్వాకుల విజయపురి శిథిలాలను తవ్వి తీశారు. తర్వాత లోయలోకి కృష్ణ నీళ్లు వచ్చాయి. ఇప్పుడది లాంచీలో వెళ్లాల్సిన ద్వీపం. కొండ ఉన్నచోటు నుంచి కదల్లేదు. చుట్టూ నీళ్లు చేరాయి, అంతే. మరి ‘ద్వీపం’ అన్నది ఆ రాతిలో ఉందా? నీళ్లలో ఉందా? రాతిని ఎంత తవ్వినా కనపడదు, నీళ్లను ఎంత తోడినా దొరకదు. అలాగని లాంచీ లేకుండా వెళ్లగలమా? వెళ్లలేం. ద్వీపం ఉంది, పనిచేస్తోంది. సొంతంగా మాత్రం ద్వీపం కాదు. శూన్యత అంటే ఇదే. దీన్నే బుద్ధుడు ప్రతీత్యసముత్పాదం అన్నాడు, కారణాల మీద ఆధారపడి పుట్టడం. ఈ రెండూ ఒకటేనని నాగార్జునుడు తేల్చాడు.

మీకొచ్చిన సందేహం పాతదే. నాగార్జునుడు రాసిన మూలమధ్యమకకారికలో 24వ ప్రకరణం దాంతోనే మొదలవుతుంది: అంతా శూన్యమైతే నాలుగు ఆర్యసత్యాలు, సాధన, ఫలం అన్నీ కూలిపోతాయి కదా అని ఎదుటివాడు నిలదీస్తాడు. ఆయన ఆ ప్రశ్నను తిప్పికొడతాడు. శూన్యం కాకపోతేనే అవన్నీ కూలిపోతాయంటాడు. దుఃఖానికి మారని స్వభావమే ఉంటే దాన్ని ఎవరూ పోగొట్టలేరు. మీ సర్వీసులో ‘వీడికి లెక్కలు రావు’ అని అందరూ వదిలేసిన పిల్లవాడు మీ దగ్గర నేర్చుకున్న రోజు ఒక్కటైనా ఉండే ఉంటుంది. రాకపోవడం వాడి స్వభావమే అయితే మీరు ఎన్ని సుద్దముక్కలు అరగదీసినా ఒరిగేదేమీ లేదు. మీరు జీవితమంతా చేసిన పని శూన్యత ఉండబట్టే సాధ్యమైంది. శూన్యతను తప్పుగా పట్టుకుంటే, పామును తప్పుగా పట్టుకున్నట్టు అది మనల్నే కాటేస్తుందని ఆయన అదే ప్రకరణంలో హెచ్చరించాడు. కొన్నాళ్లు ఉపన్యాసాలు ఆపండి. వీధిలో ఎవరి పిల్లలకైనా సాయంత్రం ఓ గంట పాఠం చెప్పండి.

సందేహం: శూన్యతా, ఉపనిషత్తుల బ్రహ్మమూ ఒకటేనా?
– విద్యార్థిని, వరంగల్

సమాధానం: ఒకటి కాదమ్మా. అద్వైతంలో బ్రహ్మం అన్నిటికీ ఆధారమైన, మారని సత్యం. శూన్యత వస్తువుల వెనక దాగున్న మరో వస్తువు కాదు, అది కూడా శూన్యమే. శూన్యతనే ఒక సిద్ధాంతంగా పట్టుకుని వేలాడేవారికి చికిత్స లేదన్నాడు నాగార్జునుడు.

సందేహం: పదేళ్ల కిందట మా గృహప్రవేశంలో, నలుగురి ముందు మా ఆడపడుచు ‘ఇదంతా మా అన్నయ్య రెక్కల కష్టం’ అంది. లోన్‌లో సగం వాయిదాలు నా జీతంలోంచే పోతున్నాయి. ఆవిడ స్వభావమే అంత. ఎదురుపడితే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది. శూన్యత నాకేమైనా పనికొస్తుందా?
– ఉద్యోగిని, తెనాలి

సమాధానం: ముందు ఒక మాట. మీకు జరిగింది అన్యాయమే. ‘అంతా శూన్యం, మర్చిపో’ అని ఎవరైనా అంటే వినకండి. వ్యవహారంలో మాట మాటే, గాయం గాయమే. దాన్ని సంవృతి సత్యం అంటారు, పరమార్థం, అంటే అంతిమ సత్యం, పేరు చెప్పి దాన్ని కొట్టిపారేయకూడదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం ‘ఆవిడ స్వభావమే అంత’. నాగార్జునుడు జీవితమంతా వాదించింది సరిగ్గా ఈ మాటతోనే. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదని మనకో సామెత కూడా ఉంది. ఆ మాట అన్నాక ఇక ఎవరినీ చూడాల్సిన పని ఉండదు. చూడటం అక్కడే ఆగిపోతుంది.

ఒక కాగితం తీసుకోండి. ఆవిడ గురించి ‘పొగరు’, ‘అసూయ’ లాంటి మాటలేవీ వాడకుండా ఆ రోజు రాయండి. ఎన్నింటికి వచ్చింది, ఎవరితో వచ్చింది, పీటల దగ్గర ఆడపడుచుగా జరగాల్సింది జరిగిందా, పుట్టింటికి ఏడాదికి ఎన్నిసార్లు రాగలుగుతోంది, ‘మా అన్నయ్య’ అనుకోవడం తప్ప ఆ ఇంట్లో తనకంటూ ఇంకేం మిగిలింది? కొన్నిటికి మీకు జవాబులు తెలియవు. తెలియవని కూడా రాయండి. ఆవిడ తప్పు చేయలేదని తేల్చడానికి కాదు ఇది. ఆ మాట ఒక మనిషి లోపలి మారని స్వభావంలోంచి కాక, కొన్ని కారణాలు కలిసిన చోట పుట్టిందని కనపడటానికి.

తర్వాత మీ కోపం గురించీ అలాగే రాయండి. ఆ మాట పలికి అయిపోయి పదేళ్లయింది. దాన్ని ఇంతకాలం నిలబెట్టినవేమిటి? ఎన్నిసార్లు, ఎవరెవరితో చెప్పారు? ఆ రోజు పక్కనే ఉండి మీవారు నోరు విప్పలేదా? నా అనుభవంలో చాలామందికి అసలు ముల్లు అక్కడే దొరుకుతుంది. అదే అయితే మాట్లాడాల్సింది ఆడపడుచుతో కాదు.

ఇంకొకటి. తండ్రి వల్ల కొడుకు పుడతాడు సరే, కొడుకు పుట్టేదాకా ఆయన తండ్రే కాడు కదా, ఇక ఎవరి వల్ల ఎవరు అని విగ్రహవ్యావర్తనిలో నాగార్జునుడు అడుగుతాడు. మీ ఇద్దరి సంగతీ అంతే. ఆవిడ లేకపోతే మీరు ఎవరికీ వదిన కారు.

ఈ దసరాకి ఆవిడ గడప దాటి లోపలికొస్తూ ‘వదినా’ అని పిలిచినప్పుడు, మీ చెవిన ముందు పడేది ఆ పిలుపా, పదేళ్ల కిందటి మాటా? అదొక్కటి గమనించి మళ్లీ ఉత్తరం రాయండి.