పని మొదలయ్యే ముందు పది నిమిషాలు

ఈ సంచికను చేతిలోకి తీసుకునే పెద్దల్లో చాలామంది పదిమందికి పని చూపించేవారే. ఒకరిది బట్టల దుకాణం, ఒకరిది వర్క్‌షాపు, ఒకరు ఇళ్లు కట్టించే కాంట్రాక్టరు, మరొకరు చిన్న నర్సింగ్ హోమ్ నడుపుతున్నారు. మీరు సొసైటీకి ఇచ్చే డబ్బు ఆ పనిచోట్ల నుంచే వస్తున్నది. అందుకని ఈసారి పిల్లల చదువుల మాట పక్కనబెట్టి, పొద్దున పని మొదలయ్యే ముందు పనివాళ్లందరినీ ఒకచోట చేర్చి నాలుగు మాటలు మాట్లాడుకోవడం గురించి రాస్తున్నాము. ఈ విషయంలో మాకు తెలిసింది బడిలో నేర్చుకున్నదే. అదీ ఒక తప్పు జరిగాక.

కొన్నేళ్ల క్రితం మేము పనిచేసిన ఒక పాఠశాలలో ఏడో తరగతి అబ్బాయికి మూర్ఛ వచ్చేది. శుక్రవారం సాయంత్రం తల్లి వచ్చి, మందు మార్చారనీ, రెండు మూడు రోజులు కనిపెట్టి ఉండమనీ క్లాసు టీచరుకు చెప్పి వెళ్లింది. శనివారం ఆ టీచరు సెలవు. ఆటల పీరియడ్‌కు కొత్తగా వచ్చిన విద్యా వాలంటీరును పంపారు. ఎండలో పరుగెత్తుతూ అబ్బాయి పడిపోయాడు. వాలంటీరు కంగారుపడి చేతిలో తాళంచెవులు పెట్టాడు, ఎవరో నోట్లో నీళ్లు పోశారు. నీళ్లు గొంతుకు అడ్డంపడి పిల్లవాడు నీలంగా మారిపోయాడు. దేవుడి దయవల్ల బతికాడు. (మూర్ఛ వచ్చినవారిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏదీ పెట్టకూడదు, నీళ్లు పోయకూడదు, గట్టిగా అదిమి పట్టుకోకూడదు, ఐదు నిమిషాలు దాటినా తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. సందర్భం వచ్చింది కనుక చెబుతున్నాము.)

ఆసుపత్రి వరండాలో ఆ తల్లి మమ్మల్ని అడిగింది ఒకటే మాట. "నిన్ననే చెప్పి పోయాను కద సార్?"

నిజమే, ఆమె చెప్పింది. విన్న టీచరు మరిచిపోనూ లేదు. కానీ ఆ కబురు ఒక మనిషి దగ్గర ఆగిపోయింది, ఆ మనిషి మరునాడు బడికి రాలేదు. ఇందులో మా తప్పు లేదని ప్రతి ఒక్కరమూ చెప్పుకోగలం. మాకు భయం వేసింది కూడా అందుకే.

తరువాతి సోమవారం నుంచి ప్రార్థన బెల్లుకు పది నిమిషాల ముందు స్టాఫ్ రూములో అందరం నిలబడి మాట్లాడుకోవడం మొదలుపెట్టాము. కూర్చుంటే టీ వస్తుంది, టీ వస్తే కబుర్లు వస్తాయి. అందుకే నిలబడే. మొదటి రెండు నెలలు బాగా జరిగింది. ఆ తరువాత అది హెడ్మాస్టరు గారు ఆలస్యంగా వచ్చినవారిని మందలించే సమయంగా మారిపోయింది. పదిమంది ముందు మాట పడ్డ మనిషి మరునాడు నోరు విప్పడు. పదో రోజుకు ఆయన ఒక్కరే మాట్లాడుతున్నారు, మిగిలినవారు గడియారం చూస్తున్నారు. ఇది ఒక్క మా బడిలోనే జరిగేది కాదని, తరువాత దుకాణాలవారితోనూ మేస్త్రీలతోనూ మాట్లాడినప్పుడు తెలిసింది. మందలింపు ఉంటే విడిగా, గదిలో. పొద్దున్న పది నిమిషాలు దానికి కావు.

మళ్లీ దారిలో పడింది ఒక చిన్న మార్పుతో. మాట్లాడే వరస తిరగవేశాము. హెడ్మాస్టరు గారు చివర, ఊడ్చే ఆయమ్మ ముందు. అంతవరకూ ఆమెను, మధ్యాహ్న భోజనం వండే అమ్మను అసలు పిలిచేవాళ్లమే కాదు. మొదటి రోజు ఆయమ్మ ఏమీ లేదన్నది. మూడో రోజు, బోరింగు పక్కన రాళ్ల గుట్టలో పాము కుబుసం చూశానన్నది. ఎప్పుడమ్మా అంటే, వారం అయింది సారూ అన్నది. ఎందుకు చెప్పలేదని మేము అడగలేదు. ఎవరు అడిగారని చెబుతుంది?

బి.ఇడి.లో మాకు పాఠ్య పథకం రాయించేవారు. పాఠం చెప్పే ముందు పిల్లలకు ఏం తెలుసో అడగాలి, చెప్పాక ఎంత ఎక్కిందో చూడాలి. ఈ రెండూ పెద్దవాళ్లకూ పనికొస్తాయని ఇన్నేళ్లు మాకు తోచనే లేదు. ఉదాహరణకు "అర్థమైందా?" అని అడగడం వంటి వృథా ప్రశ్న లేదు. తరగతిలో నలభైమందీ అయింది సార్ అంటారు, మీ గోడౌన్‌లోనూ అంతే అంటారు. "మూడో లోడు ఎక్కడ దించాలో నువ్వు చెప్పు బాబూ" అని అడిగి చూడండి. వాడి మాటల్లో వచ్చిందే వాడికి అర్థమైనది. పనివాళ్లలో బిహారు నుంచి, ఒడిశా నుంచి వచ్చినవారు ఉంటే ఇది మరీ అవసరం. వాళ్లు తల ఊపేది మాట అర్థమై కాకపోవచ్చు, మర్యాద కోసం కావచ్చు.

ఇక ఏం మాట్లాడాలి అంటే, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో ముందు చెప్పాలి. ఎవరు రాలేదు, వాళ్ల పని ఎవరిది అన్నది పేరు పెట్టి తేల్చాలి. "ఎవరో ఒకరు చూసుకోండి" అన్న పని ఎవరూ చూడరు. ఇవాళ ఎక్కడ దెబ్బ తగలవచ్చు అన్నది అడగాలి. అంతే. ముగ్గురికి మాత్రమే సంబంధించిన సంగతిని ఆ ముగ్గురూ తరువాత మాట్లాడుకోవచ్చు. దానికోసం పదిహేనుమందిని నిలబెట్టడం వాళ్ల పొద్దును దొంగిలించడమే. తేల్చిన మాటలు పలక మీద రాసి అందరికీ కనబడేలా పెడితే, ఆలస్యంగా వచ్చినవాడు వచ్చి చదువుకుంటాడు.

డాక్టర్లు కూడా ఈ పాఠం నేర్చుకోవలసి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఆపరేషన్లకు 19 అంశాల జాబితా ఒకటి తయారుచేసింది. కత్తి పెట్టే ముందు గదిలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ పేరు, తమ పని చెప్పాలి. రోగి ఎవరు, ఏ ఆపరేషన్, శరీరంలో ఎక్కడ అన్నది పైకి చెప్పుకోవాలి. రక్తం ఎంత పోవచ్చో సర్జన్ చెప్పాలి, మత్తు డాక్టరు, నర్సు తమ అనుమానాలు చెప్పాలి. ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో దీన్ని పరీక్షించారు. 2009లో ఫలితాలు వెలువడ్డాయి. మరణాలు నూటికి 1.5 నుంచి 0.8కి తగ్గాయి, ఆపరేషన్ తరువాత వచ్చే చిక్కులు నూటికి 11 నుంచి 7కి తగ్గాయి.

ఇక్కడితో ఆపితే బాగానే ఉండేది కానీ, మిగతా కథ కూడా చెప్పాలి. కెనడాలోని ఒంటారియోలో ఆసుపత్రులు ఇదే జాబితాను పెట్టుకున్నాయి. 101 ఆసుపత్రుల లెక్కలు 2014లో వస్తే, మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఎందుకన్నదానిపై పండితుల్లో వాదన నడిచింది. మా మటుకు మాకు మా స్టాఫ్ రూము గుర్తొచ్చింది. కాగితం మీద టిక్కు పెట్టడం సులభం, చిన్న ఉద్యోగి చెప్పే మాటకు పెద్ద డాక్టరు చెవి ఒగ్గడం కష్టం.

కట్టడాల దగ్గర ఇంజనీర్లు దీనినే టూల్‌బాక్స్ టాక్ అంటారు. పెద్ద కంపెనీల సైట్లలో ఇది చూస్తాము, మన ఊళ్లలో రెండంతస్తుల ఇంటి దగ్గర చూడము. పొద్దున అడ్డా మీద నుంచి తెచ్చిన కూలీకి ఆ సారువ ఎవరు కట్టారో, ఏ పలక వదులుగా ఉందో తెలియదు. నిన్న దాని మీద నడిచినవాడికి తెలుసు. వాళ్లిద్దరినీ ఐదు నిమిషాలు ఎదురెదురుగా నిలబెట్టడానికి ఖర్చు ఏమీ లేదు. బోణీ కాకముందు మాటలేమిటని దుకాణదారులు అనుకోవచ్చు. షట్టరు సగం ఎత్తి, గిరాకీ వచ్చేలోపు ముగించవచ్చు.

మన సొసైటీ రంజాన్ కిట్లు పంచే రోజున కూడా వాలంటీర్లు ఎవరి ఉత్సాహం కొద్దీ వాళ్లు పరుగెత్తడం చూశాము. కూపను లేకుండా వచ్చిన ముసలమ్మకు ఒక కౌంటరులో ఇస్తారు, పక్క కౌంటరులో పొమ్మంటారు. ఆమె దృష్టిలో పొమ్మన్నది ఆ కుర్రవాడు కాదు, సొసైటీ. గేటు తెరిచే ముందు ఆ ఒక్క సంగతి అందరూ కలిసి తేల్చుకుంటే సరిపోయేది.

మా హెడ్మాస్టరు గారు ఒకసారి వారం రోజులు ట్రైనింగుకు వెళ్లారు. ఆ వారం మీటింగు ఉండదనుకున్నాము. డ్రాయింగు మాస్టారు పలక తీసుకుని నిలబడ్డారు, ఆయమ్మను అడిగారు, వంటమ్మను అడిగారు. గుడ్లు ఇవాళ రాలేదు, రేపు వస్తాయని తెలిసింది. ఎనిమిదో తరగతికి లెక్కల టీచరు లేరు, ఆ పీరియడు తెలుగు మాస్టారు తీసుకున్నారు. ఆరు నిమిషాల్లో ముగిసింది, ప్రార్థన బెల్లు కొట్టారు.