బిడ్డ సంరక్షణపై పాత ఉత్తరువు - తరువాతి విడాకులు

దుమ్ముగూడెం ప్రాంతపు పంచాయతీ సభ్యుల యెదుటికి ఇట్టి తగవు వచ్చినదనుకొందము. 1890 నాటి గార్డియన్లు, వార్డుల చట్టము క్రింద నాలుగేండ్ల పిల్లను తల్లియొద్ద నుంచవలెనని కోర్టు ఉత్తరువు చేసినది. రెండేండ్లకు తండ్రి విడాకుల దావా వేసి, “పాత ఉత్తరువు రద్దయినది, పిల్లను నాకిప్పించుడు” అని పెద్దల నాశ్రయించినాడు.

రద్దు కాలేదని సభ్యులు చెప్పవలెను. దావా వేసినంతనే ఉత్తరువు చెల్లకపోదు. అయితే అది శాశ్వతమును కాదు. ఇట్టి ఉత్తరువులు స్వభావముచేతనే మార్పునకు లోబడినవని 1973లో రోసీ జాకబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినది. 1955 హిందూ వివాహ చట్టము 26వ సెక్షను ప్రకారము విడాకుల కోర్టు, దావా నడుచుచుండగనే గాక తీర్పు తరువాత కూడ, బిడ్డ సంరక్షణ, పోషణ, చదువులను గూర్చి ఉత్తరువు లీయవచ్చును. వీలైనంతవరకు బిడ్డ కోరికను గమనింపవలెను. తప్పు భార్యదా, భర్తదా యన్న ప్రశ్న వేరు. పసిదానికి నాడు తగిన యేర్పాటు, బడికి పోవు ఆరేండ్ల పిల్లకు నేడు తగునా యన్నదే విచారణ. కావున పాత ఉత్తరువు నకలును దాచక కోర్టునకు చూపవలెను.

మన యేజెన్సీలో నొక మెలిక కలదు. కేంద్ర ప్రభుత్వము ప్రత్యేకముగ ప్రకటించిననే తప్ప, ఈ వివాహ చట్టము షెడ్యూల్డు తెగలకు వర్తింపదు. కోయ దంపతుల విడాకులకు తెగ ఆచారమే ఆధారము. అయినను, పెద్దలు విడాకులు చేసినంత మాత్రమున, బిడ్డను గూర్చి కోర్టు ఇదివరకే యిచ్చిన ఉత్తరువు తొలగదు. మార్పు కోరువారు కోర్టునకే పోవలెను. రాత్రికి రాత్రి పిల్లను గోదావరి దాటించిన వానికి సభ్యులు వంత పాడరాదని మా మనవి.