ముందు జాబితా, తరవాతే బీరువా

ఒక అపార్ట్‌మెంట్‌లో 60 ఇళ్లున్నాయనుకుందాం. ఇంటికి 20 పుస్తకాల చొప్పున లెక్కేసినా 1,200 అవుతాయి. ఇన్ని పుస్తకాలు గోడకు అవతలే ఉన్నా, ఒక నవల చదవాలనిపిస్తే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టి నాలుగు రోజులు ఎదురుచూస్తాం. పక్కింటి షోకేసులో ఏముందో మనకు తెలియదు, మన ఇంట్లో ఏముందో వాళ్లకు తెలియదు. ఉద్యోగాలు చేసుకుంటూ తామున్న చోట ఒక గ్రంథాలయం నడపాలనుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే: గది కోసం వెతకొద్దు, బీరువా కొనొద్దు, విరాళాలు అడగొద్దు. ఎవరింట్లో ఏ పుస్తకం ఉందో ముందు రాయించండి. ఎవరి పుస్తకాలు వాళ్లింట్లోనే ఉండనివ్వండి. మొదటి ఆరు నెలలూ ఉమ్మడిగా ఉండాల్సింది జాబితా ఒక్కటే.

చాలా కాలనీల్లో ఈ పని తలకిందులుగా మొదలవుతుంది. చందాలు వేసుకుని బీరువా కొంటారు, రిబ్బన్ కత్తిరిస్తారు. ఇళ్లలో అడ్డంగా ఉన్న పాత గైడ్లు, పిల్లల పాఠ్యపుస్తకాలు, వారపత్రికల కట్టలు అందులోకి చేరతాయి. తాళం చెవి ఒక్కరి దగ్గరే ఉంటుంది. ఆయనకు నైట్ షిఫ్టు పడితే బీరువా తెరుచుకోదు. కొన్నాళ్లకు వినాయక చవితి మైకు సెట్టు కూడా అందులోనే పెడతారు. చదివేవాళ్లు లేక ఆగిపోయిందని చెప్పుకుంటారు. చదివేవాళ్లు లేకపోవడం కాదు, వాళ్లకు కావలసిన పుస్తకం ఆ బీరువాలోకి ఎప్పుడూ రాలేదు. అది మూడో అంతస్తులో ఎవరి మంచం పక్కనో ఉంది.

జాబితా పనికి నలుగురు చాలు. ఒక్కొక్కరూ తాము సంతోషంగా ఇవ్వగలిగిన పదిహేను పుస్తకాల పేర్లు రాస్తే 60 అవుతాయి, మొదలుపెట్టడానికి అది మంచి సంఖ్య. ఫోన్‌లో అందరికీ తెరుచుకునే ఒక షీటు పెట్టుకోండి. పుస్తకం పేరు, రచయిత, భాష, ఏ కోవది, ఎవరిది, ఇప్పుడు ఇంట్లో ఉందా బయట ఉందా: ఈ ఆరు గడులు చాలు. ఎక్కువ గడులు పెడితే నింపేవాళ్లు విసుగెత్తి మానేస్తారు.

ఇక్కడ తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. మన రచయితల్లో ఒకరికి రెండు మూడు పేర్లుంటాయి. ఒకరు రావిశాస్త్రి అని రాస్తారు, ఇంకొకరు రాచకొండ విశ్వనాథశాస్త్రి అని రాస్తారు. ఒకరికి చలం, మరొకరికి గుడిపాటి వెంకటచలం. కొడవటిగంటి కుటుంబరావును కొ.కు. అని రాసేవాళ్లూ ఉన్నారు. శ్రీశ్రీ పేరు మధ్యలో ఖాళీ వదిలితే ఫోన్ దాన్ని వేరే మనిషిగా లెక్కేస్తుంది. వెతికినవాళ్లకు పుస్తకం కనబడదు, లేదనుకుని వెళ్లిపోతారు. అందుకని అట్ట మీద ఉన్న పేరే రాయాలని నియమం పెట్టి, అదే గడిలో పక్కన ఇంటిపేరుతో సహా పూర్తి పేరు ఇవ్వండి. ఇంగ్లిషు అక్షరాలతో వెతికేవాళ్ల కోసం శీర్షికను ఆ లిపిలో కూడా ఒకసారి రాస్తే ఇంకా మంచిది. నెలకోసారి ఒక్కరే కూర్చుని ఈ పేర్లన్నీ సరిచూడాలి. ఈ పనికి ఓపికున్న మనిషి దొరికితే మీ గ్రంథాలయానికి గ్రంథపాలకుడు దొరికినట్టే.

పుస్తకం పరాయి చేతికి పోతే తిరిగి రాదని చెప్పే శ్లోకం మన పెద్దవాళ్లలో చాలామందికి నోటికొచ్చు. ఆ భయాన్ని తేలిగ్గా తీసేయకూడదు. రచయిత సంతకం ఉన్న ప్రతి, నాన్నగారు కొనిచ్చిన ప్రతి, మళ్లీ అచ్చు కాని ప్రతి జాబితాలోకి రానవసరం లేదని ముందే చెప్పండి. పోయినా బాధ లేని పుస్తకాలతోనే ఎవరైనా మొదలుపెట్టాలి. వెళ్లిన పుస్తకాలు శుభ్రంగా తిరిగొస్తుంటే, మంచివి కూడా వాళ్లంతట వాళ్లే బయటికి తీస్తారు. అడిగి తీయించినవి ఎక్కువ కాలం నిలవవు.

నియమాలు ఒక పేజీ దాటకూడదు. మనిషికి ఒకసారి రెండు పుస్తకాలు, గడువు మూడు వారాలు. ఉద్యోగం చేసేవాళ్లు మెట్రోలోనో ఆఫీసు బస్సులోనో రోజుకు 20 పేజీలు చదవగలిగితే 400 పేజీల నవలకు 20 రోజులు పడుతుంది. రెండు వారాల గడువు పెడితే సగంలో వెనక్కి ఇవ్వాల్సి వస్తుంది, ఆ మనిషి మళ్లీ పుస్తకం తీసుకోవడానికి వెనకాడతారు. ఇంకెవరూ అడగకపోతే గడువు ఇంకో మూడు వారాలు పొడిగించవచ్చు.

ఇరుగుపొరుగు మధ్య జరిమానా వద్దని నా గట్టి అభిప్రాయం. రోజుకు రూపాయి చొప్పున పది రూపాయలు అడగడానికి మొహమాటం, ఇవ్వడానికి చిన్నతనం. అసలు గొడవ పుస్తకం మీద ఉండదు, ఆ పది రూపాయల మీద ఉంటుంది. తీసుకున్నది వెనక్కి వచ్చేదాకా కొత్తది ఇవ్వకపోతే చాలు. పోగొడితే అదే పుస్తకం కొనివ్వాలి. అది బజారులో దొరక్కపోతే, అంత విలువ చేసే మరో పుస్తకాన్ని యజమానే ఎంచుకుంటారు. టీ మరకలు, పిల్లల గీతలు పడితే యజమాని మాటే చివరి మాట. ఇవన్నీ మొదటి పుస్తకం చేతులు మారకముందే రాసి సభ్యుల ఫోన్ గ్రూపులో పెట్టాలి. ఒకసారి పోయాక నియమం రాస్తే, పోగొట్టినవాళ్లు తమ కోసమే రాశారని నొచ్చుకుంటారు.

ఎవరు ఏం చదువుతున్నారో గ్రూపులో అందరికీ కనిపించకూడదు. పుస్తకం బయట ఉందని తెలిస్తే చాలు, ఎవరి దగ్గరుందో యజమానికీ నిర్వాహకులకూ తెలిస్తే సరిపోతుంది. విడాకుల చట్టం గురించో, కుంగుబాటు గురించో, వేరే ఉద్యోగం వెతుక్కోవడం గురించో చదవాలనుకునేవాళ్లు పక్కింటివాళ్లు చూస్తారన్న బెరుకుతో ఆగిపోకూడదు. వాపసు రాగానే ఆ పేరు తీసేయండి.

ఇక సమయం. ఆదివారం ఉదయం పది నుంచి పదకొండు దాకా, లిఫ్టు దగ్గరో క్లబ్ హౌస్‌లోనో ఒక బల్ల. ఆ వారం ఇచ్చిపుచ్చుకోవాల్సినవన్నీ ఆ గంటలోనే. ఇద్దరు మనుషులు వంతులవారీగా ఉండాలి. ఒకరికి అత్యవసరం వస్తే ఇంకొకరు ఉంటారు. పండగైనా, వానైనా, ఎవరూ రాకపోయినా ఆ బల్ల అక్కడ ఉండి తీరాలి. ఎప్పుడైనా ఇస్తామని చెప్పే గ్రంథాలయం కన్నా వారానికి ఒక్క గంట తప్పకుండా తెరిచేది పది రెట్లు ఎక్కువ కాలం నడుస్తుంది. వారం మధ్యలో పుస్తకాలను వాచ్‌మన్ దగ్గర పెట్టి వెళ్లే అలవాటు మాత్రం చేయొద్దు. పుస్తకం కనబడకపోతే మాట పడేది ఆయనే. అది ఆయన జీతంలో లేని బాధ్యత.

ఆఫీసులో అయితే ఇదే పని ఇంకా సులువు. భోజనం వేళకు అందరూ ఒకచోటే ఉంటారు. మేనేజ్‌మెంట్ వాళ్ల దగ్గర అనుమతి మెయిల్ రూపంలో తీసుకోండి. నిర్వహణ మాత్రం వాళ్లకు అప్పగించకండి. శిక్షణ విభాగం చేతికి వెళ్తే నెల తిరక్కుండా అరలన్నీ నాయకత్వ లక్షణాల పుస్తకాలతో నిండిపోతాయి.

చదివేవాళ్లు ఉన్నచోటికి పుస్తకం వెళ్లడం మన నేలకు కొత్త కాదు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకు చోటు తక్కువైన రోజుల్లో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు వంటివాళ్లు దానికి పూనుకున్నారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య ఊరూరా తిరిగి గ్రంథాలయాలు పెట్టించారు. నాకు అన్నిటికన్నా పనికొచ్చే పాఠంగా తోచేది 1935 నాటి పడవ గ్రంథాలయం. పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలువలో కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య ప్రయాణించే పడవలో పుస్తకాలు పెట్టించారు. ఆ రోజుల్లో జనం గంటల తరబడి పడవల్లోనే కూర్చుని ప్రయాణం చేసేవాళ్లు. ఖాళీగా కూర్చోక తప్పని సమయం ఎక్కడుందో కనిపెట్టి పుస్తకాన్ని అక్కడికి చేర్చారు. మీ కాలనీలో ఆ సమయం ఎక్కడుందో చూడండి. స్కూలు బస్సు కోసం తల్లిదండ్రులు నిలబడే గేటు దగ్గర కావచ్చు, సాయంత్రం పిల్లలు ఆడుతుంటే పెద్దవాళ్లు కూర్చునే సిమెంటు బెంచీ దగ్గర కావచ్చు. ఆదివారం బల్లను అక్కడే వేయండి.

పిల్లల పుస్తకాలకు ఖర్చు పెట్టడానికి వెనకాడొద్దు. పిల్లలు వారం వారం వస్తారు, వాళ్ల వెంట అమ్మానాన్నలు వస్తారు. మంచి పుస్తకం, నేషనల్ బుక్ ట్రస్ట్, తూలిక ప్రచురణల్లో తక్కువ ధరకు బొమ్మల పుస్తకాలు దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా చదువుకోవచ్చు, ముద్రించుకోవచ్చు. ఇంగ్లిషు మీడియం పిల్లలకు ఒక పేజీలో రెండు వాక్యాలే ఉన్న పుస్తకాలతో మొదలుపెట్టాలి. నాలుగో తరగతి పిల్లవాడికి ఒకటో తరగతి పుస్తకం ఇచ్చినా పర్వాలేదు, ఎవరూ నవ్వకుండా చూసుకోవాలి.

పెద్దవాళ్లలో ఎక్కువగా అడిగేది పోటీ పరీక్షల పుస్తకాలు. వీటిని ఆషామాషీగా తీసుకోకూడదు. పాత కరెంట్ అఫైర్స్, సిలబస్ మారిన గైడ్లు తీసుకుంటే చదివేవాళ్లకు నష్టం చేసినవాళ్లమవుతాం. ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు, తెలుగు అకాడమీ ప్రచురణలు మాత్రం కొన్నేళ్లపాటు చేతులు మారుతూనే ఉంటాయి. గ్రూప్స్‌కు సిద్ధమవుతున్నవాళ్లకు వాటి గడువు మూడు వారాలు చాలదు, మూడు నెలలు ఇవ్వండి.

పీడీఎఫ్‌ల సంగతి కూడా చెప్పాలి. గ్రూపు పెట్టగానే ఎవరో ఒకరు కొత్త నవలల పీడీఎఫ్‌లు పంపడం మొదలుపెడతారు. అచ్చు పుస్తకాన్ని చేతికివ్వడం వేరు, దాని నకళ్లు పంచడం వేరు. మన చట్టం ప్రకారం రచయిత జీవించి ఉన్నంతకాలం, ఆ తరవాత 60 ఏళ్లు హక్కు వాళ్లదీ వాళ్ల వారసులదీ. 1915లో పోయిన గురజాడ రచనలు ఎవరైనా పంచుకోవచ్చు. 1979లో పోయిన చలం రచనల మీద హక్కు 2039 చివరిదాకా ఉంటుంది. వెయ్యి ప్రతులు అమ్ముడైతే పండగ చేసుకునే తెలుగు రచయితల పొట్ట కొట్టే పని గ్రంథాలయం పేరుతో జరగకూడదు. అలాంటి ఫైళ్లు వచ్చిన వెంటనే తీసేయండి.

జాబితాలో రెండు మూడు వందల పేర్లు చేరి, క్రమం తప్పకుండా తీసుకునేవాళ్లు ఇరవైమంది తేలాక బీరువా గురించి ఆలోచించవచ్చు. అసోసియేషన్ అనుమతి రాతలో తీసుకోండి, కమిటీలు మారుతుంటాయి. సెల్లారు వద్దు. చెమ్మ, చెదలు రెండూ అక్కడే ఉంటాయి. బాత్రూమ్‌కు ఆనుకున్న గోడ కూడా వద్దు. ఇనుప యాంగిల్ ర్యాకులు చవక, గట్టివి. రెండు సెంటీమీటర్ల మందం, 400 గ్రాముల బరువు చొప్పున చూస్తే మూడడుగుల అరలో 45 పుస్తకాలు, 18 కిలోలు. పలచని ప్లైవుడ్ ఆ బరువుకు వంగుతుంది. కింది అర నేలకు జానెడు ఎత్తులో, ర్యాకు గోడకు నాలుగు వేళ్ల దూరంలో ఉండాలి. ఎండబెట్టిన వేపాకు వెనకవైపు పెట్టండి. పిల్లలు తిరిగే చోట కలరా ఉండలు వద్దు, మిఠాయి అనుకుని నోట్లో పెట్టుకునే ప్రమాదముంది. తాళం వేయకండి.

వర్గీకరణ పేరుతో తలలు బద్దలు కొట్టుకోవద్దు. ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ఐదు గ్రంథాలయ సూత్రాలు ప్రకటించారు. వాటిలో నాలుగోది పాఠకుల సమయం ఆదా చేయమంటుంది. నవలలు, కథలు, కవిత్వం, చరిత్రలు-జీవితకథలు, పిల్లలవి, పరీక్షలవి అని ఆరు రంగుల స్టిక్కర్లు వేస్తే మీ స్థాయికి ఆ సూత్రం అమలైనట్టే.

డబ్బు కూడా పెద్దగా అక్కర్లేదు. ఇంటికి నెలకు 20 రూపాయలు, 30 ఇళ్లు చేరితే ఏడాదికి 7,200. దాంతో డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లోనో, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలోనో రాయితీ మీద కొనవచ్చు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఆదివారాల్లో అబిడ్స్ ఫుట్‌పాత్ ఎలాగూ ఉంది. ఏం కొనాలో సభ్యులే అడగాలి, నిర్వాహకుల ఇష్టం పావు వంతు మించకూడదు. ప్రతి రూపాయి లెక్క నెలాఖరున గ్రూపులో పెట్టండి. సొంత బ్యాంకు ఖాతా, అద్దె గది, పెద్ద విరాళాలు వస్తాయనుకున్నప్పుడు సంఘంగా రిజిస్టర్ చేయించుకోవాలి, ఏడుగురు సభ్యులుంటే చాలు. అంతదాకా ఆ కాగితాల పని నెత్తికెత్తుకోవద్దు.

మీ పేటలోని ప్రభుత్వ శాఖా గ్రంథాలయాన్ని మరవకండి. ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా మనందరం కడుతున్నాం. అక్కడ సభ్యత్వం తీసుకోండి, అక్కడి గ్రంథపాలకులతో పరిచయం పెంచుకోండి. మీ జాబితాలో లేని పాత పుస్తకం అక్కడ దొరకవచ్చు. అక్కడ చదివేవాళ్లు పెరిగితే కొత్త పుస్తకాలు అడిగే బలం కూడా పెరుగుతుంది.

చివరగా బదిలీలు. ఉద్యోగస్తులు నడిపే ఏ పనైనా దెబ్బతినేది అక్కడే. షీటు ఒక్కరి మెయిల్ మీద ఉంటే ఆ మనిషి పుణెకో బెంగళూరుకో వెళ్లగానే గ్రంథాలయం కూడా వెళ్లిపోతుంది. మొదటి రోజు నుంచే ఇద్దరి మెయిళ్ల మీద ఉంచండి, నెలకోసారి ప్రింటు తీసి ఫైలులో పెట్టండి. ఇల్లు ఖాళీ చేసేవాళ్లకు సామాను దించడానికి అసోసియేషన్ గేటు పాస్ ఇస్తుంది కదా, దానికి ముందు మెయింటెనెన్స్ బాకీతో పాటు గ్రంథాలయం పుస్తకాలు తిరిగి ఇచ్చారా అని కూడా ఒక గడి చేర్పించండి. వాళ్లు ఇతరులకిచ్చిన పుస్తకాలు కూడా ప్యాకర్లు రాకముందే వాళ్లకు చేరాలి. ఆ వారం ఇంటింటికీ తిరిగి వసూలు చేసి అప్పగించే పని నిర్వాహకులదే.