టైరు పక్కనున్న అంకెలు

నందిగామ టైర్ల షాపులో "ఒక సైజు పెద్దది వేయించు తమ్ముడూ, గ్రిప్పు బాగుంటది" అన్నాడు. నా బండి వెనక టైరు 100/90-17. ఆయన చూపించింది 120/80-17.

మొదటి అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఎత్తు, వెడల్పులో ఎంత శాతమో. చివరిది రిమ్ము, అంగుళాల్లో. లెక్కేస్తే ఎత్తు 90 నుంచి 96కి, చక్రం చుట్టుకొలత 2 శాతం పెరుగుతాయి. అది చిన్న సంగతే. కానీ రిమ్ము పాతదేగా! ఇరుకు రిమ్ములో వెడల్పు టైరు అంచులు లోపలికి నొక్కుకుని, నడిమి భాగం గుండ్రంగా ఉబ్బుతుంది. ఇక గ్రిప్పెక్కడ? చైనుకు రాసుకుంటే టైరే కోసుకుపోతుంది.

జగ్గయ్యపేట నుంచి రోజూ హైవే మీద సిమెంటు లారీల పక్కనే వస్తాను. ఏదైనా జరిగితే సర్వేయరు ఈ అంకెలే చూస్తాడు. కంపెనీ చెప్పిన సైజు కాదు, మార్చినట్టు మాకు చెప్పనూ లేదు అంటే మన బండి క్లెయిము చిక్కుల్లో పడ్డట్టే.

"పాత సైజే ఇవ్వన్నా" అన్నాను.