ఒకే తార రెండుగా కనిపిస్తే – జంట దుర్భిణి అక్షసవరణ

ఫార్సీలో ‘దూర్‌బీన్’ అంటే దూరమును చూచునది. ఉర్దూలో అదే రూపంతోను, తెలుగులో ‘దుర్భిణి’గాను నిలిచిన ఈ పదం మన రెండు భాషల ఉమ్మడి సొత్తు. రెండు చిన్న దుర్భిణులను పక్కపక్కన కీలుతో కూర్చినదే బైనాక్యులర్. దానిని జంట దుర్భిణి అనవచ్చును. ఆకాశ పరిశీలన ఆరంభించే విద్యార్థికి ఇంతకంటె అనువైన సాధనం అరుదు. దాని మీద 7×50 అని ఉంటే ఆవర్ధనం 7 రెట్లనీ, ముందుండే వస్తుకటకం వ్యాసం 50 మిల్లీమీటర్లనీ గ్రహించవలెను. మామూలు కంటికి ఆరేడుగా తోచే కృత్తికలు దీనిలో పదుల సంఖ్యలో దర్శనమిస్తాయి.

అయితే కొందరు విద్యార్థులు కొద్ది నిమిషాలకే తలనొప్పి వస్తున్నదనీ, తారలు రెండేసిగా కనిపిస్తున్నవనీ చెప్పి, తమ దృష్టియే మందగించినదేమోనని దిగులుపడతారు. పలు సందర్భాలలో దోషం కంటిది కాదు, పరికరానిది.

లోపానికి కారణం

ప్రతి గొట్టంలోను వస్తుకటకం, పట్టకాలు, అక్షికటకం ఉంటాయి. వస్తుకటకం ఏర్పరచే ప్రతిబింబం తలక్రిందులు. పట్టకాలు దానిని సరిచేస్తాయి. సామాన్యంగా కనిపించే అమరికకు 1854లో పేటెంటు పొందిన ఇటలీ దేశీయుడు ఇగ్నాజియో పోరో పేరే నిలిచినది. రెండు గొట్టాల అక్షాలు సమాంతరంగా ఉన్నప్పుడే రెండు కండ్లలోని ప్రతిబింబాలు శ్రమ లేకుండ ఒకటవుతాయి. పరికరం క్రిందపడినను, గట్టి దెబ్బ తగిలినను పట్టకం తన స్థానంలో కొద్దిగా ఒరుగుతుంది. ఆ స్వల్ప దోషమే ఆవర్ధనం వలన పెద్దదై కనిపిస్తుంది.

ఇక్కడ కంటి స్వభావాన్ని గమనించవలెను. దగ్గరి అక్షరాలు చదివేటప్పుడు రెండు కండ్లూ లోపలి వైపునకు తిరుగుతాయి. ఆ అలవాటు వలన ఆ దిశలోని లోపాన్ని కొంతవరకు సర్దుకుంటాయి. వెలుపలి వైపునకు తిరిగే శక్తి చాల తక్కువ. ఒక కన్ను పైకి, మరొకటి క్రిందికి తిరిగే శక్తి మరీ అల్పం. కనుక లోపం చిన్నదైతే తార ఒక్కటిగానే కనిపిస్తుంది. కాని కంటి కండరాలు ఎడతెగక శ్రమిస్తుంటాయి. తలనొప్పి ఆ శ్రమకు ఫలితం.

పరీక్షించే విధానం

మొదట ఒక కన్ను మూసి చూడవలెను. అప్పుడు తార ఒక్కటే అయితే అక్షాలను అనుమానించవలెను. అప్పటికిని రెండుగానే ఉంటే కారణం వేరు. పెండ్లివేళ వధూవరులకు చూపే అరుంధతి, సప్తర్షి మండలంలోని వసిష్ఠుని చెంతనే ఉంటుంది. అరబ్బీ నుండి వచ్చిన ఆల్కార్, మిజార్ అనే పేర్లు వీటివే. డిగ్రీలో ఐదవ వంతు ఎడం గల ఈ రెండూ ఒంటికంటితో చూచినను రెండే. లోపమున్న పరికరంలోనో, ప్రతి తారయు ఒకే దిశలో, ఒకే ఎడంతో జంటగా కనిపిస్తుంది. ఈ భేదం తెలియని విద్యార్థి ఆకాశంలో లేని జంటతారలను తన నోటుపుస్తకంలో వ్రాసుకొంటాడు.

చిన్న లోపాన్ని పట్టుకొనుటకు పరికరాన్ని స్టాండుకు బిగించి, కాంతిమంతమైన తారను ఎడమ కంటికి చుక్కవలె స్పష్టం చేయవలెను. పిమ్మట కుడి అక్షికటకాన్ని త్రిప్పి, అదే తారను మసక వృత్తంగా మార్చవలెను. పోలిక లేని రెండు ప్రతిబింబాలను కండ్లు సులభంగా కలుపలేవు. చుక్క వృత్తం నడుమ నిలిస్తే అక్షాలు సరిగా ఉన్నట్లే. పైనగాని క్రిందగాని ఉంటే నిలువు లోపం. పక్కకు ఉంటే అడ్డ లోపం. పగటివేళ ఈ పరికరాన్ని సూర్యుని వైపు ఎన్నడును త్రిప్పరాదు. దృష్టి శాశ్వతంగా పోగలదు.

సవరణ

పోరో రకం పరికరాలు అనేకంలో పట్టకాలను కదిలించే చిన్న స్క్రూలు రబ్బరు తొడుగు అంచు క్రిందనో, రంగు పూత క్రిందనో దాగి ఉంటాయి. సరిపడిన స్క్రూడ్రైవరుతో ఒక్కొక్కసారి చుట్టులో ఎనిమిదవ వంతుకు మించక త్రిప్పి, వెంటనే తారను చూడవలెను. ఏ స్క్రూను ఎటు, ఎంత త్రిప్పినదీ కాగితం మీద వ్రాసుకొనవలెను. ఫలం లేకుంటే యథాస్థానానికి తెచ్చి మరొకదానిని ప్రయత్నించవలెను. బలం ప్రయోగిస్తే పట్టకం అంచు పగులుతుంది. మొదట నిలువు లోపాన్ని సరిదిద్దుట మేలు. కంటిని ఎక్కువగా బాధించేది అదే. ఊపినప్పుడు లోపల చప్పుడైనను, కీలు వంగినను, గాలి చొరకుండ మూసిన రకమైనను స్వయంగా విప్పక నిపుణునికి అప్పగించవలెను.

ఒక ముఖ్య విషయం మిగిలినది. కనుపాపల మధ్య దూరం అందరికీ సమానం కాదు. పెద్దవారిలో సుమారు 55 నుండి 72 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. ఒకరి కండ్లకు సరిపోయేటట్లు సవరించినది, మరొకరు కీలు విప్పగానే మళ్లీ రెండుగా చూపవచ్చును. రెండు అక్షాలు పరస్పరం సమాంతరంగా ఉంటే చాలదు, కీలు అక్షానికి కూడ సమాంతరంగా ఉండవలెను. అట్టి సంపూర్ణ సవరణకు ప్రత్యేక పరికరం కావలెను. ఒక్కరే వాడుకొనే దుర్భిణికి మన సవరణ చాలును. కళాశాలలో పదిమంది చేతులు మారే దుర్భిణిని మాత్రం కీలు దగ్గరగా ఉంచి ఒకసారి, వెడల్పుగా ఉంచి మరొకసారి పరీక్షించనిదే బాగైనదని చెప్పరాదు.

కళాశాలల బీరువాలలో ‘పనికిరానిది’ అన్న చీటీతో జంట దుర్భిణులు ఉంటే, కమిటీ పెద్దలు వాటిని ఒక రాత్రి ఈ పరీక్షకు పెట్టించవలెనని మనవి. విద్యార్థులు కూడ తమ కండ్లను నిందించుకొనుటకు ముందు పరికరాన్ని పరీక్షించవలెను.